ఇంట్లో ఉన్న సిస్టమ్‌తోనే వీడియో క్యాప్చర్, ఎడిటింగ్: ఏది ముందు, ఏది తర్వాత

“సిస్టమ్‌లో వీడియో పెడితే స్ట్రక్ అయిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు వేయించాలా?” అని అడిగేవాళ్ళే ఎక్కువ. చాలామందికి అక్కర్లేదు. విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళలో ఈ పని మొదలుపెట్టేది సాధారణంగా రెండు కారణాలతో. ఒకటి, బీరువా మీద పెట్టెలో మూలుగుతున్న పెళ్ళి క్యాసెట్లు. రెండు, సిరిమాను (పైడితల్లి అమ్మవారి ఉత్సవం) నాడు ఫోన్లో తీసిన వీడియోలు. ఈ రెంటికీ కంప్యూటర్ నుంచి కావలసింది ఒకటి కాదు.

క్యాసెట్‌ని సిస్టమ్‌లోకి ఎక్కించడానికి, అంటే క్యాప్చర్‌కి, నిలకడ కావాలి. ఆ గంటసేపు వేరే పని పెట్టకుండా ఉంటే పదేళ్ళనాటి డెస్క్‌టాప్ కూడా చాలు. ఫోన్ వీడియోని కోసి అతకడానికి వేగం కావాలి. ఈ తేడా చూసుకోకుండా షాపుకి వెళితే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది.

కొనేముందు కొలవండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పక్కన ఉంచుకోండి. ఇప్పుడు మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఆడించి, సరిగ్గా స్ట్రక్ అయినప్పుడు ఏ గ్రాఫ్ పైకి అంటుకుందో చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి సీపీయూ (అంటే ప్రాసెసర్) 20లో ఉంటే ఇబ్బంది హార్డ్‌డిస్క్‌తో. మెమరీ 90 దాటితే ర్యామ్ చాలడం లేదు. సీపీయూ 100 కొడుతుంటే వీడియో ఫార్మాట్ బరువు, దాని సంగతి ఫోన్ వీడియోల దగ్గర చెబుతాను. సీపీయూ గ్రాఫ్ కింద గిగాహెర్ట్జ్‌లో స్పీడ్ కూడా కనిపిస్తుంది. బేస్ స్పీడ్ 3 అని ఉండి, పని మధ్యలో అది 1.2కో 0.8కో జారిపోతుంటే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే మందగిస్తోంది. కొత్త సామాను ఏది తెచ్చి పెట్టినా ఆ జబ్బు పోదు.

వేడి, దుమ్ము, ఉప్పుగాలి

కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో సీపీయూ డబ్బా పెట్టి తలుపు వేసేయడం చాలా ఇళ్ళలో అలవాటు. మే నెలలో ఆ అరలో గాలి ఎక్కడికీ పోదు. ముందు డబ్బాని బయటికి లాగి, వెనక గోడకి జానెడు ఎడం వదలండి. ప్లగ్ తీసేసి, పక్క రేకు విప్పి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది గిర్రున తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ప్రాసెసర్ మీద ఉండే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే కనబడదు, ఫ్యాన్ విప్పితేనే బయటపడుతుంది. నాలుగైదేళ్ళుగా విప్పని సిస్టమ్ అయితే లోపలి థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. దాన్ని తుడిచేసి కొత్త పేస్ట్ కొద్దిగా, బఠానీ గింజంత, పెడితే చాలు.

కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలికి ర్యామ్ కార్డు పళ్ళ మీద మరక పడుతుంది. ఉన్నట్టుండి సిస్టమ్ ఆన్ కాకుండా బీప్ కొడితే ముందు ర్యామ్ తీసి, పిల్లల పెన్సిల్ ఎరేజర్‌తో ఆ పళ్ళని మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా దులిపి మళ్ళీ పెట్టి చూడండి. మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా చెప్పేలోపు చేయాల్సిన పని ఇది.

డబ్బు పెడితే ముందు డిస్క్ మీద పెట్టండి

మినీ డీవీ క్యాసెట్ (క్యామ్‌కార్డర్లో వాడిన చిన్న డిజిటల్ క్యాసెట్) నుంచి వచ్చే వీడియో సెకనుకి 3.6 మెగాబైట్లు, గంటకి సుమారు 13 జీబీ. మామూలు హార్డ్‌డిస్క్ సెకనుకి 100 మెగాబైట్ల పైనే రాస్తుంది. మరి క్యాప్చర్‌లో ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మ, ఎందుకు ఎగిరిపోతున్నాయి? అదే డిస్క్ మీద విండోస్ కూడా ఉంది కాబట్టి. హార్డ్‌డిస్క్‌లో రాసే ముల్లు ఒకసారి ఒక చోటే ఉండగలదు. అప్‌డేట్ కోసం ఒక మూలకి, యాంటీవైరస్ కోసం ఇంకో మూలకి పరిగెత్తి తిరిగొచ్చేసరికి ఇక్కడ మీ వీడియో వరసలో నిలబడి ఉంటుంది. టేపు మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

అందుకని విండోస్‌నీ సాఫ్ట్‌వేర్లనీ ఒక ఎస్‌ఎస్‌డీ (ముల్లు లేని, వేగమైన డిస్క్) మీదకి మార్చండి. 256 జీబీది అయినా ఫర్వాలేదు, 512 అయితే సుఖం. పాత హార్డ్‌డిస్క్‌ని తీసేయొద్దు, దాన్ని పూర్తిగా క్యాప్చర్‌కే కేటాయించండి. ఎడిటింగ్ మొదలుపెట్టాక ఆ ఒక్క ప్రాజెక్టు ఫైళ్ళనీ, సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్ళు దాచుకునే క్యాష్ ఫోల్డర్‌నీ ఎస్‌ఎస్‌డీ మీద ఉంచి, పని అయ్యాక మళ్ళీ హార్డ్‌డిస్క్‌కి తరలించేయండి. ఎస్‌ఎస్‌డీని అంచుల దాకా నింపితే అదీ నెమ్మదిస్తుంది, ఎప్పుడూ పది పదిహేను శాతం ఖాళీ ఉండాలి. డీఫ్రాగ్ హార్డ్‌డిస్క్‌కి చేయొచ్చు, ఎస్‌ఎస్‌డీకి చేయకూడదు.

పాత డిస్క్‌ని నమ్ముకునే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాని ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే దాని మీద పెళ్ళి వీడియో పెట్టొద్దు. ఇంకో మాట, డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటదు, అంటే డీవీ క్యాప్చర్ ఇరవై నిమిషాలు కాకుండానే ఆగిపోతుంది.

ర్యామ్ 8 జీబీతో పని జరుగుతుంది, 16 ఉంటే హాయిగా జరుగుతుంది. వేయిస్తే ఒక 16 కార్డు బదులు రెండు 8 కార్డులు వేయించండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

క్యాప్చర్ రోజున సిస్టమ్‌ని ఇలా సిద్ధం చేయండి

1. పవర్ ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. స్లీప్ దగ్గర నెవర్ పెట్టండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో హార్డ్‌డిస్క్ ఆఫ్ కాకుండా, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిజేబుల్ అయ్యేలా మార్చండి. క్యాప్చర్ స్టిక్ (క్యాసెట్ వీడియోని యూఎస్‌బీ ద్వారా సిస్టమ్‌కి అందించే పరికరం) సగంలో కనబడకుండా పోవడానికి చాలాసార్లు ఈ చివరిదే కారణం.

2. విండోస్ అప్‌డేట్‌ని పాజ్ చేయండి. వన్‌డ్రైవ్ లాంటి సింక్ యాప్‌లు మూసేయండి.

3. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో అవసరం లేనివన్నీ డిజేబుల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.

4. క్యాప్చర్ ఫోల్డర్‌ని యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్స్‌లో చేర్చండి. యాంటీవైరస్‌ని మొత్తం ఆపాల్సిన పనిలేదు.

5. వైఫై ఆపేయండి. ఇది ఒక్కటి చేస్తే పైవాటిలో సగం మర్చిపోయినా గండం గడుస్తుంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కదా, ఆ పాత సిస్టమ్‌ని పాత సామాన్ల వాడికి వేసేయకండి. నెట్ కనెక్షన్ తీసేసి క్యాప్చర్‌కే ఉంచుకుంటే దానికంటే మంచి యంత్రం దొరకదు. రోజువారీ బ్యాంకు పనులకి మాత్రం దాన్ని వాడొద్దు.

మినీ డీవీ క్యాసెట్లు

2000 తర్వాత కొన్నేళ్ళ పాటు జరిగిన పెళ్ళిళ్ళు చాలావరకు వీటి మీదే ఉన్నాయి. టేపు మీద ఉన్నదే డిజిటల్ కాబట్టి ఇక్కడ జరిగేది నిజానికి కాపీయే, క్వాలిటీ తగ్గదు. కాకపోతే దారి ఫైర్‌వైర్ అనే పాతకాలపు కేబుల్ కనెక్షన్ ఒక్కటే. క్యామెరాకి యూఎస్‌బీ పోర్టు ఉన్నా చాలా వాటిలో అది ఫొటోలకో, నాసిరకం వీడియోకో పనికొస్తుంది. ఒక కొసన ఫైర్‌వైర్, ఇంకో కొసన యూఎస్‌బీ ఉన్న కేబుళ్ళు ఆన్‌లైన్‌లో చౌకగా అమ్ముతుంటారు. అవి ఉత్త తీగలు, క్యాప్చర్ చేయవు, కొనకండి. డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించుకోండి. విండోస్ 10, 11లో క్యామెరాని గుర్తించకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే లెగసీ ఓహెచ్‌సీఐ డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో దాన్ని ఎంచుకోవాలి. యాపిల్ వాళ్ళు మ్యాక్ఓఎస్ 26లో ఫైర్‌వైర్‌ని తీసేశారు, కొత్త మ్యాక్ మీద ఆశ పెట్టుకోకండి.

కేబుల్ పెట్టేటప్పుడు క్యామెరా, కంప్యూటర్ రెండూ ఆఫ్‌లో ఉండాలి. ఆరు పిన్నుల వైపు కొస తిరగేసి బలవంతంగా దూరిస్తే క్యామెరా పోర్టు కాలిపోతుంది, అది మళ్ళీ బాగుకాదు. క్యామెరాని బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ మీద నడపండి. విన్‌డీవీ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అది షూటింగ్ తేదీ, సమయం చూసి క్లిప్పుల్ని విడగొట్టి ఇస్తుంది కూడా. ఏ క్లిప్పు స్నాతకానిది, ఏది అప్పగింతలది అని వెతుక్కునే బాధ తప్పుతుంది.

వీహెచ్‌ఎస్ క్యాసెట్లు

అసలు ఓపిక పరీక్షించేవి ఇవి. ముందు క్యాసెట్ మీది అద్దం కిటికీలోంచి టేపు చుట్టని చూడండి. అంచుల మీద తెల్లని పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్‌లో, అంటే క్యాసెట్ ఆడించే వీసీఆర్‌లో, పెట్టొద్దు. హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. బాగున్న క్యాసెట్‌ని చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ మొదటికి రివైండ్ చేయండి. ఏళ్ళ తరబడి అంటుకుపోయిన చుట్టలు వదులవుతాయి.

డెక్ నుంచి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌కి వెళతాయి. డెక్‌లో ఎస్ వీడియో ఉంటే పసుపు పిన్ను బదులు అది వాడండి. సాఫ్ట్‌వేర్ వర్చువల్‌డబ్ మంచిది. మొదటిసారి తెరిచినప్పుడు బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, పైకి కిందికి దొర్లుతున్నా క్యాసెట్ పోయిందని కంగారు పడకండి. స్టిక్ అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ మీద ఉంది, అంతే. మన క్యాసెట్లు పాల్ పద్ధతివి: 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు. సెట్టింగ్ మార్చగానే రంగులు వస్తాయి. అమెరికాలో ఉండే బంధువులు పంపిన క్యాసెట్ అయితే మాత్రం ఎన్‌టీఎస్‌సీయే సరైనది, కానీ దాన్ని ఆడించగల డెక్ కావాలి. ఆడియో 48,000 హెర్ట్జ్ పెట్టండి.

ఈ వీడియోని ఏ కుదింపూ లేకుండా రాస్తే సెకనుకి దాదాపు 21 మెగాబైట్లు, గంటకి 75 జీబీ. హఫ్‌వైయూవీ లాంటి కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) క్వాలిటీ పోకుండానే అందులో చాలా మిగులుస్తుంది. నేరుగా ఎంపీ4లోకి క్యాప్చర్ చేయడం నాకు ఇష్టం ఉండదు. క్యాసెట్ మళ్ళీ ఆడుతుందన్న గ్యారంటీ లేదు, దొరికినప్పుడే పూర్తి క్వాలిటీలో తీసుకోవాలి.

రికార్డింగ్ నడుస్తున్నప్పుడు కిందనో పక్కనో డ్రాప్డ్ ఫ్రేమ్స్ అని ఒక అంకె కనిపిస్తుంది. మీరు చూడాల్సింది బొమ్మని కాదు, ఆ అంకెని. అది కదలకపోతే సిస్టమ్ బాగుంది. క్యాసెట్‌లో నలిగిన చోటల్లా ఒకటో రెండో పెరిగితే తప్పు టేపుది. బొమ్మ శుభ్రంగా ఉన్న చోట కూడా టకటకా పెరుగుతుంటే తప్పు మీ సిస్టమ్‌ది, ఆపి పై ఐదు పనులూ మళ్ళీ చూసుకోండి. పోయిన ఫ్రేములు అక్కడితో ఊరుకోవు. మాటకీ బొమ్మకీ పొత్తు కుదరదు. “ఏటి బాబూ, తాళి కట్టకముందే గట్టిమేళం వాయించేస్తన్నారు” అని పక్కన కూర్చున్న మామ్మగారే పట్టేస్తారు.

చౌక స్టిక్‌లు వీహెచ్‌ఎస్ సిగ్నల్ వణుకుని తట్టుకోలేవు. ఏవీ ఇన్ ఉన్న పాత డిజిటల్ క్యామ్‌కార్డర్ మీ దగ్గరో చుట్టాల దగ్గరో ఉంటే డెక్‌ని దానికి, దాన్ని ఫైర్‌వైర్‌తో సిస్టమ్‌కి కలపండి. అన్ని మోడళ్ళూ ఇలా సిగ్నల్‌ని దాటించవు గానీ, దాటించేవాటితో స్టిక్ కంటే నిలకడైన బొమ్మ వస్తుంది. వెనక ‘గుంయ్’మని హమ్ వినిపిస్తుంటే డెక్‌నీ సిస్టమ్‌నీ ఒకే పవర్ బోర్డుకి పెట్టండి, డెక్ నుంచి కేబుల్ టీవీ వైరు పీకేయండి.

కరెంటు

సిస్టమ్‌కి యూపీఎస్ ఉంటుంది, డెక్‌ని మాత్రం గోడ ప్లగ్‌కి పెట్టేస్తారు. కరెంటు పోతే సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, డెక్ ఆగిపోతుంది, మీకు నీలం తెర రికార్డవుతూ ఉంటుంది. డెక్‌ని కూడా యూపీఎస్ మీదకే తెచ్చుకోండి, మానిటర్ ప్రకాశం తగ్గించండి. రికార్డింగ్ మధ్యలో సిస్టమే ఆగిపోతే సరిగ్గా మూతపడని ఫైలు తెరుచుకోకపోవచ్చు. అందుకే మూడు గంటల క్యాసెట్‌ని ఒకే ముక్కగా కాకుండా గంటకొకటిగా తీసుకోండి. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తో రికార్డ్ చేస్తుంటే ఎంపీ4 బదులు ఎంకేవీ ఎంచుకోండి. మధ్యలో ఆగినా అప్పటిదాకా వచ్చింది దక్కుతుంది, తర్వాత అందులోనే రీమక్స్ నొక్కి ఎంపీ4 చేసుకోవచ్చు.

ఫోన్ వీడియోలు ఎందుకు మొరాయిస్తాయి

2003 నాటి డీవీ టేపు పాత సిస్టమ్‌లో వెన్నలో చాకు దిగినట్టు ఎడిట్ అవుతుంది. అదే సిస్టమ్‌లో నిన్న ఫోన్లో తీసిన రెండు నిమిషాల క్లిప్పు కదలదు. డీవీలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే. ఫోన్ వాడే హెచ్265 అనే కుదింపు పద్ధతిలో అక్కడక్కడ ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మిగతావన్నీ ‘ముందు దానికీ దీనికీ తేడా ఇంత’ అన్న లెక్కలే. టైమ్‌లైన్ మీద మీరు ఒక చోట వేలు పెడితే సిస్టమ్ వెనక్కి వెళ్ళి, పూర్తి బొమ్మ పట్టుకుని, అక్కడి నుంచి లెక్కలన్నీ కట్టుకుంటూ రావాలి. ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ల నుంచి ఈ లెక్క కట్టడానికి చిప్‌లోనే విడిగా ఏర్పాటు ఉంది, 10 బిట్ వీడియోకి ఏడో తరం నుంచి. మీది అంతకంటే పాతదైతే ఎన్ని సెట్టింగులు మార్చినా నేరుగా నడవదు.

దీనికి మందు ప్రాక్సీ. సాఫ్ట్‌వేర్ మీ 4కె వీడియోకి చిన్న సైజు నకలు ఒకటి తయారుచేస్తుంది. మీరు కత్తిరింపులన్నీ నకలు మీద చేస్తారు, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైలు నుంచి అవుతుంది. షాట్‌కట్, కేడెన్‌లైవ్, డావిన్చీ రిజాల్వ్ మూడింటిలోనూ ఉంది, మూడూ ఉచితంగా దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి షాట్‌కట్ చాలు. రిజాల్వ్ గొప్పదే, కానీ దానికి 16 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెరవడానికే టీ తాగి రావచ్చు. ప్రాక్సీలు తయారవ్వడానికి టైమ్ పడుతుంది, రాత్రి భోజనానికి ముందు పెట్టేయండి. క్రాక్ చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారని ఎక్కించకండి. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బడిగే వైరస్‌లు ఎక్కువగా అలాంటి వాటిలోంచే వస్తాయి.

ఫోన్ వీడియోలో మాట జారడానికి కారణం వేరు. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేములు ఎక్కువ తక్కువ చేస్తూ తీస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లకి అది గిట్టదు. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఒకసారి మార్చుకుని, ఆ తర్వాతే టైమ్‌లైన్ మీదకి తెచ్చుకోండి.

ఇవన్నీ వద్దనుకుంటే తీసేటప్పుడే జాగ్రత్తపడొచ్చు. సిరిమాను చదురుగుడి (అమ్మవారి గుడి) నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో చెయ్యెత్తి మొత్తం 4కెలో తీస్తే హెచ్265 కంటే పాత పద్ధతి అయిన హెచ్264లో నిమిషానికి 350 ఎంబీ దాకా ఖర్చవుతుంది. తెర మీద చూసేది 1080లోనే అయితే 1080, 30 ఫ్రేములు, హెచ్264 పెట్టుకుని తీయండి. ఐఫోన్‌లో హెచ్264 కావాలంటే మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోవాలి. సిరిమాను ఎత్తుగా, సన్నగా ఉంటుంది కాబట్టి చాలామంది ఫోన్ నిలువుగా పట్టుకుంటారు. టీవీలో చూడాలనుకుంటే అడ్డంగా పట్టుకుని కాస్త వెనక నిలబడండి. ఫోన్ నుంచి సిస్టమ్‌కి కేబుల్‌తోనే కాపీ చేయండి, వాట్సాప్‌లో పంపుకుంటే అక్కడే సగం ప్రాణం పోతుంది.

ఇంతా చేశాక కూడా రంగులు దిద్దడం, మచ్చలు తీయడం దగ్గర సిస్టమ్ ఆగిపోతుంటే అప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించండి. కొనేముందు మీ పవర్ సప్లై ఎన్ని వాట్లదో డబ్బా లోపలి స్టిక్కర్ మీద చూసుకోండి.

మిక్సింగ్, ఎక్స్‌పోర్ట్

పాత క్యాసెట్ల వీడియోలో ఎవరైనా చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఫ్రేముని రెండు సగాలుగా తీసేవారు. ఎక్స్‌పోర్ట్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, వీలుంటే సెకనుకి 50 ఫ్రేములు పెట్టండి, కదలిక నునుపుగా వస్తుంది. బొమ్మ ఆకారం 4:3గానే ఉంచండి, పక్కన నల్లని ఖాళీ ఉంటే ఉండనివ్వండి. టీవీ నిండాలని సాగదీస్తే పెళ్ళికూతురు అడ్డంగా లావైపోతుంది, ఆవిడ ఇప్పుడు ఆ వీడియో చూస్తారని గుర్తుంచుకోండి. క్వాలిటీకి హెచ్264, ఎంపీ4 సరిపోతుంది.

క్యాప్చర్ చేసిన అసలు ఫైళ్ళని మిక్సింగ్ అయిపోయిందని చెరిపేయకండి. ఒక టీబీ డిస్క్‌లో డీవీ ఫైళ్ళు దాదాపు 70 గంటలవి పడతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి, రెండు కాపీలూ ఒకే బీరువాలో ఉంటే అవి రెండు కాపీలు కావు. ఒక డిస్క్ హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్న పిల్లల దగ్గర పెట్టండి. పంపేముందు ప్రతి ఫైలునీ మొదట్లో, మధ్యలో, చివర్లో తెరిచి మాట, బొమ్మ కలిసే ఉన్నాయో లేదో చూడండి. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేది మాత్రం గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా జత చేయండి. 2 జీబీ లోపు ఫైలైతే క్వాలిటీ తగ్గకుండా వెళుతుంది.